తడి ఆరేదాకా

చక్రాలు తిరుగుతున్నంతసేపూ ఫర్వాలేదు, తిరిగే చక్రం మెరుస్తోందో మాసిపోయిందో ఎవరికి తెలుస్తుంది, ఆగితేనే ముప్పు, కాబట్టి ఈ కారు ఎక్కడా ఆగకూడదు, ఊరవతల మైదానం దాకా ఇలా పోతూనే ఉండాలి, వీలైతే ఆ మైదానం కూడా దాటి పోతూనే ఉండాలి అని వెనకసీటు మధ్యలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న కొత్త కోడలు కోరుకుంటూ ఉండగానే ఎర్రలైటు పడింది. కారు ఆగింది. పక్కనే ఒక స్కూటరు వచ్చి ఆగింది. దాని మీదున్న మనిషి ఒక కాలు నేలకి ఆనించి, తల వంచి కిందికి చూశాడు. తన చెప్పు వంక చూసుకున్నాడో ఏమో గాని, ఆమెకి మాత్రం ముందు చక్రం వంకే చూసినట్టనిపించింది, ఇంత అందమైన కారుకి ఈ బూజు పట్టిన చక్రాలేంటి అనుకున్నట్టే అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కాబోలు. ఎవరూ ఏమీ అనలేదు, ఆ స్కూటరాయన ఎవరో ఏంటో, అయినా ఆమె చేతులు రెండూ వాటంతటవే తొడల కిందికి వెళ్ళి దాక్కున్నాయి. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా వేళ్ళకి ఇంకా ఆ ఘాటు ఉంది, బాత్రూం నేల కడిగే యాసిడ్ ఘాటు. నిమ్మకాయ సువాసన అని సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నిమ్మకాయలు చూస్తే ఏడుస్తాయి.

పచ్చలైటు పడింది, అమ్మయ్య, కదిలింది. ముందు మామగారు నడుపుతున్నారు. మామూలుగా అయితే ఆయన నడుపుతూ ఎడతెగకుండా మాట్లాడతారు, పళ్ళ డాక్టరు కదా, రోజంతా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, జవాబు రాకపోయినా సంభాషణ సాగించడం ఆయనకి అలవాటైపోయింది. ఈ రోజు మాత్రం నోరే విప్పడం లేదు. ఆయన పక్కన అత్తగారు, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు, కుదుపు వచ్చినప్పుడల్లా దాన్ని చంటిపిల్లలా పొదువుకుంటున్నారు. వెనక, ఆమెకి ఒక పక్క భర్త, ఇంకో పక్క ఆడపడుచు. ఆడపడుచుని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు, పెళ్ళయిన రెండో రోజుకే ఆమెకీ ఆ పిలుపు అలవాటైపోయింది. పిడుగు చెవుల్లో పాటల తీగలు పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది, కాని పాటేమీ మోగడం లేదు, ఇంత ఆనుకుని కూర్చుంటే ఆ మాత్రం వినపడదా, ఉత్తుత్తినే పెట్టుకుంది, ఎవరూ తనతో మాట్లాడకుండా ఉండడానికి. ముక్కు చివర ఇంకా ఎర్రగానే ఉంది. పొద్దున ఏడ్చింది మరి. ఎందుకు ఏడ్చిందో ఈ కారులో ఉన్న అందరికీ తెలుసు, అందరికీ తెలిసినది తప్పని మాత్రం ఒక్కరికే తెలుసు, ఆ ఒక్కరూ మధ్యలో కూర్చుని ఉన్నారు.

ఎవరి చక్రం మీద వాళ్ళు కూర్చున్నారు. ఆ సంగతి ఇప్పుడే తట్టింది ఆమెకి. ముందు రెండూ మామగారిదీ అత్తగారిదీ, వెనక రెండూ భర్తదీ పిడుగుదీ. ఆమె కింద ఏ చక్రమూ లేదు. ఈ ఇంట్లో చక్రాలకి యజమానులుంటారని ఆమెకి తెలిసింది పెళ్ళయిన మొదటి ఆదివారం. నిద్ర లేచి, కాఫీ కప్పు పట్టుకుని వాకిట్లోకి వస్తే, కారు చుట్టూ నాలుగు పొట్టి స్టూళ్ళు, నాలుగు స్టూళ్ళ మీద నాలుగు వంగిన వీపులు, నలుగురి చేతులకీ పాత మేజోళ్ళు తొడుక్కుని, వేలెడు పాలిష్ ముద్ద అద్దుకుని, ఎవరి చక్రాన్ని వాళ్ళు రుద్దుకుంటున్నారు. ఆమెకి నవ్వాగలేదు. కొత్త కోడలు అలా నవ్వచ్చా అని కూడా తోచలేదు, కప్పులో కాఫీ తొణికింది. అత్తగారు తల ఎత్తి, "నవ్వమ్మా నవ్వు, నీకింకా మొదలవ్వలేదు. నా పళ్ళు ఒక్కనాడన్నా ఇంత శ్రద్ధగా చూశారేమో అడుగు మీ మామయ్యని" అన్నారు. మామగారు ఊచల సందుల్లో పళ్ళు తోమే బ్రష్షు ఆడిస్తూ, "నీ పళ్ళకి నువ్వున్నావు. దీనికెవరున్నారు?" అన్నారు. అందరి కార్ల అల్యూమినియం చక్రాల మీదా కంటికి కనపడని పూత ఒకటి ఉంటుందట, ఈయన ఎప్పుడో కారు కొన్న కొత్తలో ఆ పూత తీయించేసి, ఉత్త లోహాన్నే అద్దంలా రుద్దడం మొదలుపెట్టారట, అప్పటినుంచీ ఆదివారం ఆదివారం ఇంటిల్లిపాదికీ ఇదే పని. ఎంత ముచ్చటేసిందో ఆమెకి! ఎంత పిచ్చి ఇల్లు, ఎంత మంచి పిచ్చి! కప్పు గట్టు మీద పెట్టి, నాకేదీ అన్నట్టు నిలబడితే, భర్త గొంతు తగ్గించి, "నా దాంట్లో సగం నీది" అన్నాడు. ఆ సగం అన్న మాటకి ఆమె లోపల ఏదో తుళ్ళిపడింది, పక్కన చతికిలబడింది, ఇద్దరూ ఒక్క మేజోడులో చెరో చెయ్యీ దూర్చి రుద్దబోతే అది చిరిగింది, పిడుగు అటువైపు నుంచి తల పెట్టి, "నాన్నా, ఇక్కడ ఒక మేజోట్లో రెండు చేతులు దూరాయి, చూడలేక చస్తున్నాను" అని అరిచింది. ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ, ఈ సీటులో, ఈ చేతులతో, ఇంత సిగ్గులో కూడా, పెదవి చివర నవ్వొచ్చింది. వెంటనే పోయింది.

ఆ ఇల్లంతా అలాగే ఉండేది ఆమెకి, ముట్టుకుంటే ఏదో ఒక సంతోషం. మెట్ల దీపం మీట కింద నొక్కితే పైన ఆరడం, వంటింటి కిటికీ గడియ పడేటప్పుడు చేసే టక్కుమనే చప్పుడు, వాష్‌బేసిన్ దగ్గర గ్లాసులో ఐదో బ్రష్షు. ఆ బ్రష్షు మామగారే తెచ్చారు, పళ్ళ డాక్టరు కోడలు ఏది పడితే అది వాడితే నా పరువేం కావాలి అంటూ పసుప్పచ్చ రంగుది ఏరి తెచ్చారు. నాలుగింటి పక్కన ఐదోది ఒరిగి నిలబడి ఉంటే, పళ్ళు తోముకుంటూ దాన్నే చూసి మురిసిపోయేది. అందరూ ఆమెని మెచ్చుకునేవాళ్ళు, ఊరికే, దేనికి పడితే దానికి. బట్టలు మడత పెడితే మెచ్చుకున్నారు, పోయిన చెంచా వెతికిపెడితే మెచ్చుకున్నారు. మా కోడలు కెమిస్ట్రీ చదివింది అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. మెప్పు కూడా తీపి లాంటిదే, తింటున్నకొద్దీ ఇంకొంచెం కావాలనిపిస్తుంది, ఎవరూ పెట్టకపోతే మనమే వెళ్ళి డబ్బా మూత తీస్తాం. తీసింది. కెమిస్ట్రీ చదివిన చేత్తోనే తీసింది.

ఈ వారమంతా బట్టలు ఉతకడానికి వేసినప్పుడల్లా బకెట్టులో నల్లటి మేజోళ్ళు కనపడేవి. ఆదివారం కాని రోజుల్లో కూడా. బొగ్గు తుడిచినట్టు నల్లగా, పిండితే నీళ్ళు సిరాలా. అయ్యో, ఇంత మురికా ఆ చక్రాలకి, పాపం ఉత్త గుడ్డతో రుద్దీ రుద్దీ మురికిని ఇటునుంచి అటు జరుపుతున్నారే తప్ప వదలగొట్టడం లేదు వీళ్ళు, ఒకసారి గట్టిగా కడిగితే పోతుంది కదా అనుకుంది. ఎవరినన్నా అడిగిందా, లేదు. అడిగితే సరదా ఏముంది! ఈ రోజు పాత కార్లవాళ్ళందరూ మైదానంలో కలుసుకునే రోజు, ఏడాదికోసారి వస్తుంది, మామగారు నెల ముందునుంచీ అదే మాట. నిన్న సాయంత్రం పిడుగు వంతు, కారు కడిగి పెట్టింది. ఈ రోజు పొద్దున్నే అందరూ లేవకముందే లేచి, బాత్రూంలోంచి ఆ సీసా తీసుకుని, పిల్లిలా వాకిట్లోకి వెళ్ళింది కొత్త కోడలు. ఆ సీసాతో కుళాయి మీది తెల్లమరకలు ఎలా పోయాయో తను చూసింది. పోసింది. తుస్సుమని నురగ వచ్చింది, సన్నని బుడగలు, ఎంత ఆనందమేసిందో, ఇదిగో మురికి వదులుతోంది అనుకుంది. మురికి కాదు. కాలేజీ ల్యాబులో, గాజుగొట్టంలో, అల్యూమినియం ముక్క మీద యాసిడ్ పోస్తే వచ్చిన బుడగలే అవి, సమీకరణం రాసి మార్కులు తెచ్చుకున్న బుడగలే. లోహాన్ని తినేస్తున్న చప్పుడది. తన పుస్తకంలో తనే బొమ్మ వేసుకున్న ఆ గొట్టం, ఆ మంటపుల్ల, టప్పుమన్న ఆ చప్పుడు, పక్కనున్న అమ్మాయి కెవ్వుమని అరవడం, అన్నీ గుర్తున్నాయి, ఈ పొద్దున మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. నాలుగింటికీ పోసింది. పైపుతో నీళ్ళు కొట్టింది. నీళ్ళు కారుతున్న ఆ నాలుగు చక్రాలూ తళతళా మెరిశాయి, ఎప్పుడూ లేనంతగా, ఆమె రెండడుగులు వెనక్కి వేసి, చేతులు నడుం మీద పెట్టుకుని, తనలో తనే, శెభాష్ అనుకుంది. తడి మీద ఏదైనా మెరుస్తుంది. గులకరాయి కూడా.

లోపలికి వెళ్ళి కాఫీ కలుపుతూ కూనిరాగం తీసింది కూడా. ఇప్పుడు చూస్తారు, ఇప్పుడు పిలుస్తారు, అమ్మాయ్ ఎవరు చేశారిది అంటారు, నేను ఏమీ తెలియనట్టు మొహం పెడతాను అనుకుంటూ, ఆ మొహాన్ని చెంచా వెనక చూసుకుని సరిచేసుకుంది. పిలుపు వచ్చింది, కాని తనకి కాదు.

"పిడుగూ! ఏం పూశావే వీటికి?"

కాఫీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చేసరికి మామగారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. చక్రాలు ఆరిపోయాయి. ఆరి, పాలు ఒలికి ఎండినట్టు తెల్లగా, మసకగా, అక్కడక్కడ చారలు చారలుగా, నాలుగూ. ఆయన చూపుడువేలు మెల్లగా రాస్తున్నారు, పంటికి గార ఉందో లేదో చూసినట్టు.

"ఏమీ పూయలేదు నాన్నా. నీళ్ళు పోశా, తుడిచా, అంతే."

"నీళ్ళు పోస్తే ఇట్లా అవుతుందా?"

"నాకేం తెలుసు? ఒట్టు నాన్నా!"

"పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందంట" అన్నారు అత్తగారు, "నేను నిన్ననే చెప్పాను, దానికివ్వకండి, పెద్దాణ్ణి కడగమనండని."

భర్త నవ్వుతూ, "చిన్నప్పుడు దాని చక్రం మీద గోళ్ళరంగుతో పువ్వేసింది గుర్తుందా? ఇప్పుడు పువ్వులు మానేసి సున్నం కొట్టింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మామగారు లేచి నిలబడి, గొంతు పెంచకుండా, "పోతే పోయాయి చక్రాలు. అబద్ధం మాత్రం ఆడకు. అదొక్కటే నాకు పడదు" అన్నారు. పిడుగు లోపలికి పరిగెత్తింది. ఆమె పక్కనుంచే పరిగెత్తింది, భుజం తగిలి పళ్ళెంలో కప్పులు గలగలలాడాయి. అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట, నేనే. రెండక్షరాలు. నోట్లోకి వచ్చాయి కూడా, నాలుక చివర నిలబడ్డాయి, అప్పుడే మామగారు ఆమె వైపు తిరిగి, అంత కోపంలోనూ మొహం మెత్తబరుచుకుని, "చూశావామ్మా, ఇంత బతుకూ బతికి ఇవాళ అందరి ముందుకీ వీటితో వెళ్ళాలి. కాఫీయా? ఇలా ఇవ్వు, నువ్వొక్కదానివన్నా ఉన్నావు ఈ ఇంట్లో" అన్నారు. ఆమె ఇచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు, కప్పు ఇచ్చి ఊరుకుంది. ఆయన పడదన్న అబద్ధం కూడా కాదు తనది, అబద్ధమైతే కనీసం నోరు తెరవాలి.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు ముందు సీటు నుంచి. ఉలిక్కిపడింది. "బాత్రూంలో యాసిడ్ సీసా ఖాళీగా కనపడింది పొద్దున. కడిగావా ఏంటి?"

ఇదిగో, దారి. ఇంత సుళువుగా ఎదురొచ్చిన దారి, కాదండీ అత్తయ్యా బాత్రూం కాదు అంటే అయిపోతుంది. "ఆఁ... కడిగానత్తయ్యా" అంది. ఇప్పుడు నోరు తెరిచింది. తెరిచి మరీ చెప్పింది.

"చూశారా! చెప్పకుండానే చేస్తుంది" అన్నారు ఆవిడ మామగారి వైపు తిరిగి, "కొందరున్నారు, చెప్పి చెప్పి మన నోరు పడిపోవాలి."

ఆ కొందరు చెవిలోంచి తీగ ఒకటి లాగి, తల తిప్పి, వదిన మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. మొహం నుంచి చూపు మెల్లగా కిందికి, తొడల కింద దాచుకున్న చేతుల దాకా వచ్చి, అక్కడ ఆగి, మళ్ళీ కిటికీ వైపు వెళ్ళిపోయింది. తెలిసిందా? తెలిస్తే చెప్పదా? పిడుగు కదా, పడకుండా ఉంటుందా? ఒకవేళ తెలిసి, చెప్పకుండా ఊరుకుంటే అది ఇంకా ఘోరం, నిన్నటిదాకా తన దిండు గలీబులో బిస్కెట్లు దాచిపెట్టి, వదినా నువ్వొచ్చాక ఇంట్లో నాకో మనిషి దొరికింది అన్న పిల్ల. ఏమీ తెలియని భర్త ఇటు పక్కనుంచి ఆమె చేతిని వెతికి, తొడ కిందినుంచి లాగి, తన చేతిలో పెట్టుకున్నాడు, రోజూ కారెక్కగానే చేసే పనే, రోజూ ఆమెకి ఒళ్ళంతా దీపాలు వెలిగే పనే. బొటనవేలితో ఆమె వేళ్ళు నిమురుతూ, "ఏంటివాళ ఇంత గరుగ్గా ఉన్నాయి?" అన్నాడు చెవిలో. ఆమె చెయ్యి లాగేసుకుంది. చలి అంది. చలేంటి, చెమట పోస్తుంటే. అతను విస్తుపోయి, తరవాత సిగ్గుపడుతోంది కాబోలు అనుకుని, మురిసిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నాడు. అవును, సిగ్గే. కాని నువ్వనుకునే సిగ్గు కాదు. ఆ మాటకి ఇంత పెద్ద ఇల్లుంటుందని, దానికి ఇన్ని చీకటి గదులుంటాయని ఆమెకే ఇవాళ్టిదాకా తెలీదు.

వాన పడితే బావుణ్ణు, అనుకుంది. అద్దంలోంచి చూస్తే దూరంగా ఒక మబ్బు, బూడిదరంగు ముద్ద. వాన పడితే తడుస్తాయి, తడిస్తే మెరుస్తాయి, మెరిస్తే ఈ పూటకి గడుస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అమ్మ అంటూ ఉండేది, తొక్కినవాళ్ళకి ఆ సామెత వల్ల ఉపయోగమేంటో ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు తను అమ్మది గాజుగిన్నె పగలగొట్టి, ముక్కలు ఏరి, పాత పుస్తకాల వెనక దాచి, ఆ రోజంతా అమ్మకి ఎంత సాయం చేసిందో, కూరలు తరిగింది, నేల ఊడ్చింది, అమ్మ ముద్దు పెట్టుకుని నా తల్లే అంటే, ఆ ముద్దు పడిన చోటు రాత్రిదాకా దురద పెట్టింది. ఇప్పుడు అత్తగారి మెచ్చుకోలు పడిన చోటూ అలాగే ఉంది. చినుకు పడింది. ముందద్దం మీద ఒకటి, మరొకటి, ఆ తరవాత జల్లు. మామగారు వైపర్లు వేస్తూ, "ఇదొకటి తక్కువైంది" అన్నారు. ఆమె గుండె మాత్రం తేలికపడింది, పడినందుకు మళ్ళీ సిగ్గేసింది, ఒకరికి తక్కువైనది తనకి కలిసొచ్చిందని సంతోషపడే స్థితికి వచ్చానా అని.

మైదానం ఇంకా కాస్త దూరముందనగా, గాలి పట్టించాలంటూ మామగారు కారు పెట్రోల్ బంకులోకి తిప్పారు. పైకప్పు కిందికి రాగానే వాన చప్పుడు ఆగి, కాళ్ళ కింద నీళ్ళ చప్పుడు మిగిలింది. ఆయన దిగారు. చక్రం వైపు అలవాటుగా ఒక చూపు వేశారు, వేసిన చూపు అక్కడే నిలిచిపోయింది. తరవాత రెండో చక్రం, మూడోది, కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, కిటికీ అద్దం మీద టకటకా కొట్టారు.

"దిగండి, దిగండి! పోయింది! వానకి పోయింది!"

అందరూ దిగారు. నాలుగు చక్రాలూ నీళ్ళోడుతూ తళతళలాడుతున్నాయి. మామగారి మొహం పొద్దున్నుంచి మొదటిసారి విచ్చుకుంది. "ఏదో దుమ్మో సున్నమో పడ్డట్టుంది. నేనే తొందరపడ్డాను" అని, కూతురి వైపు తిరిగి, కాస్త ఇబ్బందిగా, గొంతు సవరించుకుని, "ఊరికే నోరు పారేసుకున్నానే పిడుగూ. నువ్వు నీళ్ళే పోశానన్నావు, నేను వినలేదు" అన్నారు.

పిడుగు తండ్రిని చూసి, చక్రాలని చూసి, కళ్ళు తుడుచుకుని, "ఐస్‌క్రీం బాకీ పడ్డావు. పెద్దది" అంది. అని నవ్వింది.

ఆ నవ్వు చూసి కొత్త కోడలు స్తంభానికి ఆనుకుంది. అయిపోయింది, గండం గడిచింది, ఎవరికీ ఏమీ తెలియదు, ఇక తెలియక్కర్లేదు కూడా. కాని బంకులో అటునుంచి ఇటు గాలి వీస్తోంది. తన కళ్ళ ముందే, ముందు చక్రం పై అంచున, గోరంత మేర తడి ఆరింది. అక్కడ తెల్లబడింది. ఇంకెవరూ చూడలేదు, చూడడం ఎలాగో ఇంకెవరికీ తెలియదు. మైదానం చేరేసరికి అంతా ఆరుతుంది, అందరూ చుట్టూ మూగి ఉన్నప్పుడు ఆరుతుంది, అప్పుడు ఆయన మళ్ళీ పిడుగు వైపు తిరుగుతారు, ఈసారి క్షమాపణ కూడా వెనక్కి తీసుకుని తిరుగుతారు.

గాలి పట్టే ఆయన నాలుగింటికీ పట్టి, గొట్టం చుట్టబోతూ, "స్టెప్నీలో కూడా పట్టమంటారా?" అన్నాడు.

మామగారు భార్య వంక చూశారు. "ఇక్కడొద్దండీ, అక్కడ చూపిద్దామనుకున్నాంగా" అన్నారు అత్తగారు. "చూసుకునేదెలాగూ చూసుకుంటుంది, గాలి లేకుండా ఇస్తామా?" అంటూ ఆయన డిక్కీ తెరిచారు. పాత దుప్పటి తీశారు. లోపల, ఆ చీకట్లో, ఐదో చక్రం. అద్దమే. బంకు పైకప్పుకి ఉన్న దీపాలన్నీ దాంట్లో ఉన్నాయి. దాని పక్కన, కుక్కి పెట్టిన నల్లటి మేజోళ్ళు.

"స్టెప్నీని కూడా ఇలా తోముతారా సార్ ఎవరైనా?" గాలాయన నోరు తెరిచాడు. "దీని మొహం ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు వచ్చారు. అది మా కోడలిది" అన్నారు అత్తగారు. "ఇన్నేళ్ళూ దిక్కూ మొక్కూ లేకుండా పడుంది, ఐదో మనిషి వచ్చిందిగా ఇంటికి. వారం నుంచీ క్లినిక్ కట్టేసి రావడం, ఇదే పని. రుద్దుతున్నకొద్దీ నలుపు వస్తూనే ఉంటుంది, నలుపు వస్తేనే మెరుపు, చేతులు పడిపోయాయనుకో ఈయనకి. ఏమ్మా, అలా నిలబడ్డావేం? చూసుకో."

చూసుకుంది. ఇంటినుంచి ఇక్కడిదాకా తన వీపు వెనకే ఉంది ఇది. బకెట్టులో కనపడ్డ ఆ నలుపు నాలుగు చక్రాల మురికి కాదు, దీనిది, తన కోసం ఆయన చేతులు రుద్దిన నలుపు, దాన్ని చూసి జాలిపడి తను సీసా ఎత్తింది. చక్రం మధ్యలో తన మొహం కనపడింది, కాస్త సాగి, కాస్త వంకరగా, చెంచా వెనక సరిచేసుకున్న ఆ మొహమే. ఇక దాన్ని చూడలేకపోయింది.

"మామయ్యా."

"ఏమ్మా, నచ్చిందా?"

"తడిగా ఉన్నంతసేపే మామయ్యా."

"ఏంటి?"

"అవి. ఆ నాలుగూ. ఆరితే మళ్ళీ తెల్లగా అవుతాయి. పొద్దున కూడా అంతే, నీళ్ళు పోసినప్పుడు బాగానే కనపడ్డాయి."

గాలిగొట్టం బుస్సుమంటోంది. "నీకెట్లా తెలుసు?" అన్నాడు భర్త, పాపం, నిజంగానే తెలియక.

"నేనే" అంది.

 అత్తగారే ముందు తేరుకుని, "మరి బాత్రూం కడిగానన్నావు?" అన్నారు.

"కడగలేదత్తయ్యా."

మామగారు వెళ్ళి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు, పొద్దున కూర్చున్నట్టే. జేబురుమాలు తీసి తడి ఒత్తారు. తీసిన చోట తెలుపు. దాన్నే చూశారు, ఆమె వైపు చూడలేదు, అది ఒక రకంగా దయ, ఒక రకంగా కాదు. తరవాత లేచి, ముందుగా కూతురి దగ్గరికి వెళ్ళారు.

"చెప్పావు కదే పొద్దున" అన్నారు.

"చెప్పాను" అంది పిడుగు. అంతే.

ఆయన డిక్కీ దగ్గరికి వచ్చి, మేజోళ్ళలో కాస్త శుభ్రంగా ఉన్నదాన్ని వెతికి, కోడలి చేతిలో పెట్టి, "ఒకటిద్దామనుకున్నాం నీకు. నువ్వు నాలుగూ పట్టేశావు" అన్నారు. అది హాస్యమో కాదో ఆయన మొహంలో తెలియలేదు. డిక్కీ మూశారు. ఆ మిగతా దారంతా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, తిరుగుతూనే ఆరిపోయాయి.

మైదానంలో వాన వెలిసింది. వరసగా పాత కార్లు, నవ్వులు, భుజాలు తట్టుకోవడాలు. ఎవరో పెద్దాయన వచ్చి, "డాక్టరుగారూ, ఏంటివాళ మీ చక్రాలు ముసలైపోయాయి?" అన్నాడు, మామగారు, "మనమూ అయ్యాం కదండీ" అని అతన్ని పక్కకి తీసుకెళ్ళిపోయారు. ఆమె డిక్కీలోంచి పొట్టి స్టూలు తీసి, బురద తక్కువున్న జాగా చూసుకుని వేసుకుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారు, కొత్త బట్టల్లో ఒక అమ్మాయి చేతికి మేజోడు తొడుక్కుని బురదలో కూర్చోవడం చూస్తున్నారు, చూడనీ. ముందు ఎవరిది తోమాలో మాత్రం ఆలోచించుకోనక్కర్లేదు. పిడుగు చక్రం వైపు స్టూలు జరుపుకుంది.

"నాది ముట్టుకోకు" అంది పిడుగు. చేతులు కట్టుకుని, కారుకి ఆనుకుని, ఎప్పటినుంచి నిలబడి ఉందో. "నాది నేను చేసుకుంటాను."

"సరే" అంది ఆమె. నేల వంకే చూస్తూ అంది.

"అన్నయ్యది చెయ్యి పో. దాంట్లో సగం నీదేగా."

అటుపక్క స్టూలు మోస్తూ వస్తున్న భర్త చెవులు ఎర్రబడ్డాయి. పిడుగు నవ్వలేదు. నవ్వలేదు గాని, పాలిష్ డబ్బా మూత తీసి, తన వంతు వేలెడు తీసుకుని, డబ్బా అలాగే తెరిచి పెట్టి వెళ్ళింది. ఆమె ముద్ద అద్దుకుని, ఆ తెల్లటి మసక మీద పెట్టి రుద్దింది. ఏమీ రాలేదు. ఇంకా రుద్దింది, భుజం లాగుతోంది, యాసిడ్ తిన్న వేళ్ళు మండుతున్నాయి. మేజోడు తిప్పి చూసుకుంది. మధ్యలో, చిటికెన వేలి గోరంత, నల్లగా వచ్చింది.